బ్రెజిల్ చెట్టు.. బాపట్ల పట్టు!

* దేశానికి జీడిమామిడి వంగడాలిచ్చిన ఇసుక నేల
* గింజ తూకమే కాదు.. పప్పు లెక్క తెలిస్తేనే గిట్టుబాటు
* ఎగుమతికి ఒక్క రైతు చాలడు.. ఊరంతా కలవాలి

బాపట్ల: రైలు టిక్కెట్టు మీద బాపట్ల స్టేషనుకు వాడే సంక్షిప్త నామం బీపీపీ. ఒడిశాలోనో, పశ్చిమ బెంగాల్‌లోనో జీడిమామిడి నర్సరీకి వెళ్లి మంచి అంటుమొక్క అడిగితే అవే మూడక్షరాలు వినిపిస్తాయి. బీపీపీ-1, బీపీపీ-2, బీపీపీ-8.. ఇవన్నీ బాపట్ల జీడిమామిడి పరిశోధన స్థానంలో రూపుదిద్దుకున్న వంగడాలే. ఎక్కడో దక్షిణ అమెరికాలో పుట్టిన చెట్టుకు మన తీరం మెట్టినిల్లయింది. దేశంలోని ఇతర రాష్ట్రాలకు సైతం మొక్కలనిచ్చింది. అయితే వంగడమిచ్చిన నేల మీద ఆ పంట నిలుస్తుందా, దానిని పండించే రైతుకు మిగిలేదెంత అన్నదే నేటి ప్రశ్న. గింజలను బస్తాల లెక్కన తూచి ఇచ్చేస్తున్న రైతుకు, అందులో పప్పు ఎంత ఉందో వ్యాపారికి తెలిసినంతగా తెలియడం లేదు. ఈ పంట పుట్టుపూర్వోత్తరాలు, సాగు మెలకువలు, ఎగుమతి విధానంపై సమగ్ర కథనమిది.

మూడు పట్టణాలు.. మూడు నేలలు

తెనాలి నుంచి రేపల్లె వరకు, అటు నుంచి బాపట్ల వరకు చూస్తే కృష్ణా పశ్చిమ డెల్టా స్వరూపమంతా కళ్లకు కడుతుంది. తెనాలి చుట్టూ నల్లరేగడి నేలలు. కాలువ నీటితో వరి, అరటి, కంద, నిమ్మ పండుతాయి. వాన వెలిసినా వారం రోజులు తడి ఆరని ఆ నేల జీడిమామిడికి పనికిరాదు. రేపల్లె డెల్టా చివరి భూములకు నెలవు. అక్కడి నుంచి నిజాంపట్నం తీరం వైపు సాగితే నల్లమట్టి తగ్గి ఇసుక పాలు పెరుగుతుంది. బాపట్ల చేరి సూర్యలంక దారి పట్టేసరికి పూర్తిగా ఇసుకే. సరుగుడు, తాటి, జీడిమామిడి చెట్లు వరుసగా కనిపించేది అక్కడే. ఈ ఇసుక పట్టీ చీరాల, వేటపాలెం మీదుగా ఇంకా దక్షిణానికి సాగుతుంది.

నీరు నిలవని నేల, లోతుకు పోయే వేరు, ఎండ తగిలే కొమ్మ.. జీడిమామిడికి కావలసినవి ఈ మూడే. వరి రైతు చవిటి, దిబ్బ అని వదిలిపెట్టిన భూముల్లో దిబ్బ నేల మాత్రమే దీనికి అనుకూలం. చవిటి భూమిలోనూ, ఉప్పునీరు ఊరే చోటా చెట్టు తట్టుకోలేదు. తీరం వెంట విస్తరించిన రొయ్యల చెరువుల పక్కన తోట వేసే రైతు ముందుగా గమనించవలసిన విషయమిది.

మనది కాని మన పంటలు

గుంటూరు పేరు చెబితే గుర్తుకొచ్చే మిరప అమెరికా ఖండాల నుంచి వచ్చిందే. ఇసుక నేలల్లో పండే వేరుశనగ జన్మస్థలం దక్షిణ అమెరికా. పెరటి జామ, బొప్పాయి కూడా ఆ ఖండాల నుంచి వచ్చినవే. జీడిమామిడి ఈశాన్య బ్రెజిల్ తీరానికి చెందిన చెట్టు. అక్కడి తుపీ తెగల వారు దీనిని ‘అకజు’ అని పిలిచేవారు. పోర్చుగీసు వారి నోట అది ‘కజు’ అయింది. హిందీలో ‘కాజూ’గా స్థిరపడింది. పోర్చుగీసు నావికులే 16వ శతాబ్దంలో దీనిని మన దేశపు పశ్చిమ తీరానికి చేర్చారు. తొలినాళ్లలో దీనికి తీర ప్రాంతపు నేల కోతను అరికట్టే చెట్టుగానే విలువ ఉండేది. పప్పు వ్యాపారం చాలా కాలం తరువాతి మాట.

ఈ చెట్టు ఎంతగా విస్తరించగలదో తెలియాలంటే బ్రెజిల్‌లోని నతాల్ నగర సమీపాన ఉన్న పిరాంజి చెట్టును చెప్పుకోవాలి. నేలకు తాకిన కొమ్మలు మళ్లీ వేళ్లూనుతూ, ఒక్క చెట్టే దాదాపు 8,500 చదరపు మీటర్ల మేర అల్లుకుపోయింది. అంటే రెండెకరాల పైమాటే!

పేరులోనే ఉంది జీడి

తెలుగువారు ఈ కొత్త చెట్టుకు పెట్టుకున్న పేరులో గొప్ప పరిశీలన ఉంది. మన అడవుల్లో నల్లజీడి చెట్టు అంతకుముందే ఉంది. దాని గింజ రసంతో చాకలివారు బట్టలకు గుర్తులు పెట్టేవారు. ఒంటికి తగిలితే బొబ్బలెక్కించే ఆ రసం వంటిదే కొత్త చెట్టు గింజ చిప్పలోనూ ఉంది. పండు, పూత, ఆకు వాసన మామిడిని తలపించాయి. అందుకే ఇది జీడిమామిడి అయింది. కొన్ని ప్రాంతాల్లో దీనినే ముంతమామిడి అంటారు. వృక్షశాస్త్రజ్ఞులు తరువాత తేల్చిన విషయమూ అదే. నల్లజీడి, మామిడి, జీడిమామిడి మూడూ ఒకే కుటుంబానికి చెందినవి.

మనం పండు అనుకునే ఎర్రటి, పసుపుపచ్చటి భాగం నిజానికి పండు కాదు. అది ఉబ్బిన తొడిమ. దాని చివర మూత్రపిండం ఆకారంలో వేలాడే గింజే అసలైన ఫలం. ముందు గింజ ఎదుగుతుంది. ఆ తరువాతే తొడిమ ఉబ్బి రసం నిండుతుంది.

బాపట్ల ఇచ్చిన వంగడాలు

పూర్వం తోటలన్నీ గింజ పాతి పెంచినవే. ఒకే తోటలో ఒక చెట్టు బుట్టెడు గింజలిస్తే పక్క చెట్టు దోసెడు ఇచ్చేది. గింజ మొక్కకు తల్లి గుణం అచ్చంగా రాకపోవడమే ఇందుకు కారణం. ఈ తేడాను పట్టుకుని మంచి చెట్లను గుర్తించడం, వాటిని సంకరపరచడం బాపట్ల పరిశోధన స్థానం చేసిన పని. 1971లో ప్రారంభమైన అఖిల భారత సమన్వయ పరిశోధన పథకంలో బాపట్ల ఒక కేంద్రం. మొదట వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద పనిచేసిన ఈ స్థానం, 2007లో ఉద్యాన విశ్వవిద్యాలయం ఏర్పడిన తరువాత దాని పరిధిలోకి వెళ్లింది.

ఇక్కడి నుంచి వచ్చిన వాటిలో ముఖ్యమైన వంగడాల సగటు లక్షణాలు ఇలా ఉన్నాయి.

* బీపీపీ-1: 1980లో విడుదలైన సంకర రకం. చెట్టుకు సుమారు 10 కిలోల దిగుబడి. గింజ బరువు 5 గ్రాములు. గింజలో పప్పు 27.5 శాతం.
* బీపీపీ-2: ఇదీ 1980 నాటి సంకర రకమే. చెట్టుకు 11 కిలోలు. గింజ చిన్నది, 4 గ్రాములు. పప్పు దాదాపు 26 శాతం.
* బీపీపీ-4: చీరాల సమీపంలోని ఈపూరుపాలెం చెట్ల నుంచి ఎంపిక చేసిన రకం. చెట్టుకు 10 కిలోల పైచిలుకు. గింజ 6 గ్రాములు. పప్పు 23 శాతం.
* బీపీపీ-8: 1993లో విడుదలైంది. చెట్టుకు 14 కిలోలు. గింజ 8 గ్రాములకు పైనే. పప్పు 29 శాతం. ఎగుమతిలో మంచి ధర పలికే 210 గ్రేడు గుండు దీని ప్రత్యేకత. రాష్ట్రం దాటి ఒడిశా, బెంగాల్ వరకు వెళ్లింది ఈ రకమే.

ఈపూరుపాలెం ఇసుకలో ఎవరో నాటిన ఒక చెట్టు పరిశోధన స్థానం చేరి, పేరు మార్చుకుని, వేల ఎకరాలకు తల్లి అయింది. తమ తోటలో విశేషంగా కాసే చెట్టు ఉంటే రైతులు దానిని ఉద్యాన అధికారుల దృష్టికి తీసుకురావడం ఎంత అవసరమో దీనినిబట్టి గ్రహించవచ్చు.

బస్తాలో ఏముంది?

జీడిగింజల వ్యాపారంలో బస్తా అంటే 80 కిలోలు. విదేశీ వ్యాపారమూ ఇదే బస్తా మీద నడుస్తుంది. 80 కిలోల గింజలు కొడితే ఎన్ని పౌన్ల పప్పు వస్తుందన్నదే వారి కొలమానం. రెండు బస్తాలు తూకంలో సమానంగా ఉన్నా విలువలో సమానం కావు. ఒక లెక్క చూద్దాం.

పప్పు 23 శాతం ఉన్న గింజల బస్తా నుంచి 18.4 కిలోల పప్పు వస్తుంది. 29 శాతం ఉన్న బస్తా నుంచి 23.2 కిలోలు వస్తుంది. తేడా 4.8 కిలోలు. కిలో పప్పు 700 రూపాయలని అనుకుంటే బస్తాకు 3,360 రూపాయల వ్యత్యాసం. రెండు బస్తాలకూ ఒకే ధర కట్టినప్పుడు ఈ మొత్తం ఎవరి జేబులోకి వెళుతున్నదో వేరే చెప్పనక్కర లేదు.

ఈ లెక్క తెలుసుకోవడానికి పెద్ద యంత్రాలు అవసరం లేదు. వ్యాపారులు చేసే ‘కోత పరీక్ష’నే రైతు ఇంటి వద్ద చేసుకోవచ్చు. వేర్వేరు బస్తాల నుంచి గుప్పెడు చొప్పున తీసి, కలిపి, కిలో గింజలు తూచాలి. వాటిని లెక్కపెట్టాలి. ఒక్కొక్కటి కోసి మంచి పప్పు, మచ్చలున్న పప్పు, తాలు, కుళ్లు విడదీయాలి. మంచి పప్పు బరువుకు మచ్చల పప్పు బరువులో సగం కలపాలి. వచ్చిన గ్రాములను 80తో హెచ్చించి వెయ్యితో భాగిస్తే బస్తాకు ఎన్ని కిలోల పప్పు వస్తుందో తెలుస్తుంది. ఉదాహరణకు కిలోకు 250 గ్రాములు తేలితే బస్తాకు 20 కిలోలు, అంటే 44 పౌన్లు. ఈ అంకె చేతిలో ఉన్న రైతు బేరంలో నోరు విప్పగలడు. లేని రైతు వ్యాపారి చెప్పింది వినవలసిందే.

గింజ పరిమాణం కూలి ఖర్చునూ శాసిస్తుంది. 4 గ్రాముల గింజలు కిలోకు 250 తూగుతాయి. 8 గ్రాముల గింజలు 125 చాలు. నేల మీద రాలిన గింజ ఏరేందుకు వంగే నడుముకు ఇది సగానికి సగం తేడా.

నాటు నుంచి కోత దాకా

నాట్లకు వానాకాలమే అనువు. 60 సెంటీమీటర్ల పొడవు, వెడల్పు, లోతుతో గుంతలు తీసి, పైమట్టిలో పశువుల ఎరువు కలిపి నింపాలి. వరుసలు, మొక్కల మధ్య 7 మీటర్ల చొప్పున ఎడం ఇస్తే ఎకరాకు 82 మొక్కలు, 8 మీటర్లు ఇస్తే 63 మొక్కలు పడతాయి. గింజ మొక్క కాక మెత్తకొమ్మ అంటుమొక్కనే ఎంచుకోవాలి. అంటు కట్టిన చోటు నేలకు పైనే ఉండాలి. దానికి దిగువన వచ్చే చిగుళ్లను ఎప్పటికప్పుడు తుంచివేయకపోతే అంటు చచ్చి అడుగు మొక్కే మిగులుతుంది.

మొదటి రెండేళ్లు మొక్కకు ఊతకర్ర కట్టాలి. నేల నుంచి రెండు, మూడడుగుల వరకు కొమ్మలు లేకుండా కత్తిరించాలి. అంటుమొక్కలు మూడో ఏట నుంచి కాపు మొదలుపెడతాయి. అప్పటిదాకా ఖాళీ జాగాలో వేరుశనగ, అలసంద వంటివి వేసుకుంటే పెట్టుబడి కొంత తిరిగి వస్తుంది.

పూర్తిగా ఎదిగిన చెట్టుకు ఏడాదికి 500 గ్రాముల నత్రజని, 125 గ్రాముల భాస్వరం, 125 గ్రాముల పొటాష్ ఇవ్వాలన్నది జాతీయ స్థాయిలో ఉన్న సాధారణ సిఫారసు. అంటే ఒక కిలో 100 గ్రాముల యూరియా, 780 గ్రాముల సూపర్ ఫాస్ఫేట్, 210 గ్రాముల మ్యూరేట్ ఆఫ్ పొటాష్. ఇసుక నేలలో ఒకేసారి వేస్తే వానకు కొట్టుకుపోతుంది కాబట్టి రెండు దఫాలుగా వేయాలి. మట్టి పరీక్ష చేయించి మోతాదు సవరించుకోవడం ఉత్తమం.

ఇది నీరక్కరలేని పంట అన్న అభిప్రాయం రైతుల్లో బలంగా ఉంది. బతకడానికి అక్కరలేదు కానీ కాయడానికి అవసరమే. పూత, పిందె దశల్లో జనవరి నుంచి మార్చి వరకు 15 రోజులకోసారి చెట్టుకు 200 లీటర్ల నీరు అందితే పిందె రాలడం తగ్గి దిగుబడి గణనీయంగా పెరుగుతుంది.

మార్చి నుంచి మే వరకు కోతలు. కోత అనేది పేరుకే. పండి రాలిన వాటిని ఏరడమే సరైన పద్ధతి. త్వరపడి కొమ్మ దులిపితే లేత గింజ రాలి పప్పు శాతం పడిపోతుంది. ఏరిన వెంటనే పండు నుంచి గింజను వేరు చేసి, రెండు మూడు రోజులు ఎండబెట్టాలి. చేతిలో ఊపితే లోపల పప్పు కదిలే చప్పుడు రావాలి. గోనె సంచుల్లో, నేలకు తగలకుండా చెక్కల మీద నిల్వ చేయాలి. తడి గింజ వారం తిరిగేసరికి లోపల నల్లబడుతుంది.

కాండం తొలిచే శత్రువు

తూర్పు తీరంలో జీడిమామిడికి ప్రధాన శత్రువు కాండం, వేరు తొలిచే పురుగు. మొదలు వద్ద బెరడు పగిలి జిగురు కారడం, రంపపు పొట్టు వంటి పిప్పి రాలడం దీని గుర్తులు. ఆకులు పసుపు రంగుకు తిరిగే సరికి ఆలస్యమైనట్టే. మొదలు చుట్టూ బెరడు సగానికి పైగా దెబ్బతిన్న చెట్టు కోలుకోవడం అరుదు. అటువంటి చెట్టును తోటలోనే వదిలేస్తే అది పురుగుల పొదరిల్లు అవుతుంది. వేళ్లతో సహా తీసి తగులబెట్టాలి. దాడి తొలిదశలో ఉన్న చెట్ల బెరడును జాగ్రత్తగా చెక్కి పురుగులను ఏరి చంపాలి. మొదలుకు మూడడుగుల ఎత్తు వరకు 5 శాతం వేపనూనె పూయాలి.

రెండో శత్రువు తేయాకు దోమ. చిగురు, పూత, పిందెల నుంచి రసం పీల్చి పూగుత్తిని మాడ్చేస్తుంది. చిగురు, పూత, పిందె దశల్లో తోటను గమనిస్తూ, ఉద్యాన అధికారి సూచించిన మందునే తగిన మోతాదులో వాడాలి. పూత విచ్చుకున్న వేళ ఇష్టానుసారం మందు కొడితే తేనెటీగలు చచ్చి పిందె కట్టడమే ఆగిపోతుంది.

గాలివాన గండం

ఈ తీరంలో ఏ పంట గురించి రాసినా తుఫాను ప్రస్తావన తప్పదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన, 1990 మే తుఫాను ఈ ప్రాంతపు పెద్దల జ్ఞాపకాల్లో నేటికీ పచ్చిగా ఉన్నాయి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల సమీపంలోనే తీరం దాటింది. జీడిమామిడికి అది పూత రాబోయే సమయం. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖ ప్రాంతపు తోటలను, 2018 అక్టోబరులో తిత్లీ శ్రీకాకుళం ఉద్దానం తోటలను కూకటివేళ్లతో పెకలించాయి. వరి పోతే మరుసటి పంటకు తేరుకోవచ్చు. జీడి చెట్టు కూలితే తిరిగి పూర్తి కాపుకు రావడానికి ఏడెనిమిదేళ్లు ఆగాలి.

గాలిని తట్టుకునే మార్గాలు లేకపోలేదు. సముద్రం వైపు గట్ల మీద సరుగుడు వరుసలు పెంచడం, చెట్టును ఎత్తుకు పోనీయకుండా ఏటా కొమ్మలు కత్తిరించి గొడుగు ఆకారంలో ఉంచడం వాటిలో ముఖ్యమైనవి. పొట్టిగా, ఒత్తుగా ఉన్న చెట్టుకు గాలి పట్టు తక్కువ.

గింజ నుంచి గుండు వరకు

తోటలో గింజ, అంగడిలో పప్పు.. ఈ రెండింటి మధ్య ఉన్నది వేటపాలెం. చీరాల పక్కనే ఉన్న ఈ ఊరు జీడిపప్పుకు పెట్టింది పేరు. ఉత్తరాన శ్రీకాకుళం జిల్లా పలాస, గోదావరి తీరాన మోరి గ్రామం కూడా ఇదే వృత్తికి ప్రసిద్ధి.

గింజను ముందుగా కాల్చడమో, ఆవిరిలో ఉడికించడమో చేస్తారు. చిప్ప గట్టిపడిన తరువాత ఒక్కొక్క గింజను కొట్టి పప్పు తీస్తారు. దానిని పొయ్యి గదిలో ఆరబెట్టి, పైనున్న ఎర్రటి పొట్టు వలిచి, గుండు, బద్ద, ముక్క, నూకగా వేరు చేస్తారు. కొట్టడం, పొట్టు తీయడం, వేరు చేయడం అధికంగా మహిళల చేతుల మీదుగానే సాగే పని. చిప్ప నూనె తగిలి చేతులు పొక్కుతాయి. బూడిదో, నూనెనో రాసుకుని పని కానిస్తారు. గుండు విరగకుండా తీయడమే వారి నైపుణ్యం. విరిగితే బద్ద, బద్ద విరిగితే ముక్క. ఒక్కో మెట్టు దిగేకొద్దీ ధర పడిపోతుంది. యంత్రాలు వచ్చిన తరువాత కొట్టే పని వేగం పెరిగినా, విరిగిన పప్పును కంటితో చూసి ఏరే చేతులకు ఇంకా పని ఉంది.

చిప్ప కూడా వృథా కాదు. దాని నుంచి తీసే నూనె రంగులు, వార్నిష్‌లు, వాహనాల బ్రేకు లైనింగుల తయారీలో వాడతారు.

ఎగుమతి అంకెల వెనుక

పప్పు గ్రేడు పేర్లలో కనిపించే అంకె ఒక పౌనుకు, అంటే 454 గ్రాములకు తూగే గుండ్ల సంఖ్య. 180 అంటే అతి పెద్దది. తరువాత 210, 240, 320, 450. అంకె పెరిగేకొద్దీ గుండు చిన్నదవుతుంది. అంతర్జాతీయ విపణిలో ఎక్కువగా నడిచేది 320 గ్రేడు.

భారతదేశం నుంచి 1920ల్లో అమెరికాకు పప్పు ఎగుమతి ఊపందుకుంది. కేరళలోని కొల్లం ఈ వ్యాపారానికి రాజధాని అయింది. 1955లో జీడిపప్పు ఎగుమతి ప్రోత్సాహక మండలి ఏర్పడింది. దశాబ్దాల పాటు ప్రపంచంలో మనదే అగ్రస్థానం. 2006లో ఆ స్థానాన్ని వియత్నాం అందుకుంది. 2006-07లో మన ఎగుమతి లక్షా 10 వేల టన్నులకు పైగా ఉండగా, 2021-22 నాటికి 50 వేల టన్నుల స్థాయికి దిగింది.

ఇందుకు రెండు కారణాలు కనిపిస్తాయి. మొదటిది యంత్రాల వినియోగంలో వియత్నాం ముందుకు పోవడం. రెండోది మన ఇంటి గిరాకీ. పెళ్లి విందు పాయసం నుంచి మిఠాయి దుకాణం కాజూ కత్లీ దాకా పప్పు వాడకం పెరిగి, పండినది ఇక్కడే అమ్ముడుపోతోంది. దేశంలో పండే ముడి గింజ ఏడెనిమిది లక్షల టన్నులు. ఫ్యాక్టరీలకు అది చాలక, ఐవరీ కోస్ట్, ఘనా, బెనిన్, టాంజానియా వంటి ఆఫ్రికా దేశాల నుంచి ఇటీవలి సంవత్సరాల్లో అంతకు మించిన పరిమాణంలో దిగుమతి చేసుకుంటున్నారు. ఆ గింజ ఓడ దిగిన ధరే ఇక్కడి రైతు బస్తా ధరను నిర్ణయిస్తుంది. చవక పప్పు దేశంలోకి రాకుండా 2019లో కేంద్రం పప్పుపై దిగుమతి సుంకాన్ని 45 నుంచి 70 శాతానికి పెంచింది. ఆ రక్షణ పప్పుకే కానీ ముడి గింజకు కాదు.

కేంద్రం ప్రకటించే కనీస మద్దతు ధరల జాబితాలోనూ జీడిగింజ లేదు. బస్తాకు 16 వేల రూపాయల మద్దతు ధర కల్పించాలని ఉద్దానం రైతులు 2023లో ఆందోళన బాట పట్టడానికి నేపథ్యం ఇదే. మన పరిసరాల్లో నిమ్మకు తెనాలిలో మార్కెట్ యార్డు ఉంది. పసుపుకు దుగ్గిరాల యార్డు ఉంది. పదిమంది కొనుగోలుదారులు ఒకచోట చేరి పాట పాడే ఏర్పాటు ఏ పంటకైనా ఎంత బలమో ఆ రైతులను అడిగితే తెలుస్తుంది.

ఒక కంటెయినర్ నిండాలంటే..

ఎగుమతికి పప్పును 25 పౌన్ల, అంటే 11.34 కిలోల ప్యాకెట్లుగా, గాలి తీసి నత్రజనో, బొగ్గుపులుసు వాయువో నింపి సీలు వేస్తారు. రెండేసి చొప్పున ఒక పెట్టె. ఇరవై అడుగుల కంటెయినర్‌లో 700 పెట్టెలు పడతాయి. బరువు దాదాపు 15.9 టన్నులు. పప్పు 25 శాతం చొప్పున లెక్కిస్తే అందుకు సుమారు 63.5 టన్నుల గింజ, అంటే దాదాపు 800 బస్తాలు కావాలి. చెట్టుకు 10 కిలోల చొప్పున 6,350 చెట్లు. ఎకరాకు 82 చెట్ల లెక్కన 77 ఎకరాలు. అదీ అన్ని గ్రేడులూ కలిపితేనే. ఒకే గ్రేడు అడిగితే ఇందుకు కొన్ని రెట్లు అవసరమవుతుంది.

రెండు, మూడెకరాల రైతు ఒంటరిగా ఎగుమతిదారు కాలేడన్నది దీనితో స్పష్టం. రైతు ఉత్పత్తిదారుల సంఘాలుగా కూడితేనే ఆ దారి తెరుచుకుంటుంది. పది వేల సంఘాల ఏర్పాటుకు కేంద్రం 2020లో పథకం ప్రకటించింది. అదే ఏడాది తెచ్చిన సూక్ష్మ ఆహార శుద్ధి పరిశ్రమల పథకం, చిన్న యూనిట్లకు రుణంతో ముడిపడిన 35 శాతం రాయితీని గరిష్ఠంగా 10 లక్షల రూపాయల వరకు నిర్దేశించింది.

ఎగుమతికి పూనుకునే సంఘానికి కావలసినవి: విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ ఇచ్చే ఐఈసీ సంఖ్య, ఎగుమతిదారుగా నమోదు ధ్రువపత్రం, ఆహార భద్రత సంస్థ లైసెన్సు, సరుకుతోపాటు పంపే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం. కస్టమ్స్ పత్రాల్లో చిప్పతో ఉన్న గింజకు 080131, పప్పుకు 080132 సంకేత సంఖ్యలు. యూరప్, జపాన్ కొనుగోలుదారులు బూజు విషమైన అఫ్లాటాక్సిన్‌ను, పురుగుమందు అవశేషాలను పరీక్షిస్తారు. తోటలో సరిగా ఎండబెట్టని ఒక్క బస్తా మొత్తం సరుకును వెనక్కి తెప్పించగలదు. యూఏఈ, జపాన్, నెదర్లాండ్స్, సౌదీ అరేబియా మన పప్పుకు ముఖ్యమైన గమ్యాలు.

పారబోస్తున్న పండు

గింజ కంటే ఎన్నో రెట్లు బరువుండే పండు మాత్రం చెట్టు కిందే కుళ్లిపోతోంది. నారింజ కంటే ఐదారు రెట్లు అధికంగా ‘సి’ విటమిన్ ఉన్న పండు ఇది. ఒకటి, రెండు రోజులకు మించి నిలవ ఉండకపోవడం, నోట్లో పెట్టుకుంటే గొంతు పట్టే వగరు దీనికి అడ్డంకులు. గోవాలో దీని రసం నుంచి తీసే ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు లభించింది. మత్తు పానీయమే కానక్కర లేదు. లీటరు రసానికి 5 గ్రాముల సగ్గుబియ్యాన్ని జావగా కాచి, చల్లార్చి కలిపితే వగరు పదార్థం అడుగుకు పేరుకుంటుంది. పైన తేరిన రసంతో షర్బత్తు, జామ్ తయారు చేసుకోవచ్చు. వేసవి మూడు నెలలు స్వయం సహాయక సంఘాల మహిళలకు ఇది ఇంటి వద్ద ఉపాధి కాగలదు. పండు కోసిన నాలుగైదు గంటల్లో రసం తీయగలిగితే చాలు. తోటలకూ తెనాలి, రేపల్లె, బాపట్ల పట్టణాలకూ మధ్య దూరం అంతకు మించదు.

తోట నిలవాలంటే..

ఇసుక భూమికి నేడు పోటీ ఎక్కువ. రొయ్యల చెరువులు, రిసార్టులు, ఇళ్ల స్థలాలు ఇచ్చే ధర ముందు ముదురు తోట దిగుబడి వెలవెలబోతోంది. ఎకరాకు 60 చెట్లుండి, ఒక్కొక్కటి రెండు, మూడు కిలోలే ఇస్తే రైతు తోటను అట్టే పెట్టుకోవాలనడం న్యాయం కాదు. ముదురు గింజ చెట్లను దశలవారీగా తొలగించి అంటుమొక్కలతో నింపడం, వీలున్న చెట్లను మొదలు పైకి నరికి కొత్త చిగుళ్లకు మేలు రకం అంటుకట్టడం.. ఈ రెండు మార్గాలూ అందుబాటులో ఉన్నాయి. ఒక్కసారిగా తోటంతా తీయనక్కర లేదు. ఏటా నాలుగో వంతు మార్చుకుంటూ పోతే ఆదాయం పూర్తిగా ఆగదు.

మేలైన అంటుమొక్క కోసం ఇక్కడి రైతు దూరం పోనక్కర లేదు. బీపీపీ పేరు పుట్టింది ఈ గడ్డ మీదనే. ఆ మూడక్షరాలు పొరుగు రాష్ట్రాల తోటల్లో పచ్చగా ఉండి, సూర్యలంక దారిలో మాత్రం చెరువు గట్ల కింద కప్పడిపోకుండా చూసుకోవలసింది రైతులు, ఉద్యాన శాఖ, వ్యాపారులు ముగ్గురూ. వచ్చే వేసవిలో బస్తా కుట్టే ముందు ప్రతి రైతూ కిలో గింజలు కోసి చూసుకుంటే, ఆ పనికి అదే మొదటి అడుగు అవుతుంది.